దుడుకు చార్లెస్ మీద మోపిన నేరం

బర్గండీని ఏలిన వల్వా డ్యూకులు నలుగురు. 1363 నుంచి 1477 దాకా నూట పద్నాలుగేళ్లు. ఇంగ్లీషు పుస్తకాలు వాళ్లలో మొదటివాడికీ చివరివాడికీ ఒకే బిరుదు తగిలిస్తాయి: ఫిలిప్ ద బోల్డ్, చార్లెస్ ద బోల్డ్. ఫ్రెంచివాళ్లు అలా కలిపెయ్యరు. వాళ్లకు ముత్తాత 'ఆర్ది', అంటే ధీరుడు. మునిమనవడు 'తెమెరేర్', అంటే ముందువెనకలు చూసుకోని దుడుకుమనిషి. బతికున్న రోజుల్లో చార్లెస్‌ను కొలువులోని వాళ్లు పిలిచిన పేరు ఇంకొకటి ఉంది: 'త్రవయాన్'. ఒళ్లు దాచుకోకుండా పనిచేసేవాడని దాని భావం. అది జారిపోయింది. ఓడి చచ్చినవాడికి కష్టజీవి అన్న బిరుదు ఎవరు మిగలనిస్తారు? 'తెమెరేర్' మాత్రం అతుక్కుపోయి, ఒక వంశం చరిత్రనంతా తనలోకి లాగేసుకుంది.

అందరికీ తెలిసిన కథ ఇది. ముగ్గురు బుద్ధిమంతులైన డ్యూకులు పెళ్లిళ్లతో, బేరాలతో, ఓపికతో ఇటుక మీద ఇటుక పేర్చి ఐరోపాలో అందరికీ కన్నుకుట్టే సంపదను కూర్చారు. నాలుగోవాడు గద్దెనెక్కిన పదేళ్లలో అదంతా ఊడ్చిపెట్టాడు. రాజు కావాలన్న పిచ్చితో కనబడ్డవాడితోనల్లా తగువు పెట్టుకున్నాడు. స్విస్ పదాతుల చేతిలో మూడుసార్లు చావుదెబ్బ తిన్నాడు. 1477 జనవరి 5న నాన్సీ ఊరి బయట చచ్చాడు. రెండు రోజుల తరవాత గడ్డకట్టిన మడుగులో శవం దొరికింది. ముఖం తోడేళ్లు పీక్కుతిన్నాయి. ఆస్థాన వైద్యుడు ఒంటి మీది పాత గాయాల మచ్చలు చూసి గుర్తుపట్టాడు. వంశం అంతటితో సరి.

తోడేళ్ల సంగతి నిజమే. తక్కిన కథతోనే నా పేచీ.

ముందు సాక్షిని చూద్దాం. ఈ కథను ఇంత బలంగా నిలబెట్టినవాడు ఫిలిప్ ద కొమిన్. ఫ్లాండర్స్ సీమ పెద్దింటి బిడ్డ. చార్లెస్ కొలువులో పెరిగి, ఆయన పడకటింటి దాకా చొరవున్నవాడు. 1472 ఆగస్టులో ఒక రాత్రి ఆ కొలువు వదిలి, చార్లెస్ పరమశత్రువైన ఫ్రాన్స్ రాజు పదకొండో లూయీ పంచన చేరాడు. చార్లెస్ మర్నాడే అతని ఆస్తి జప్తు చేశాడు. లూయీ దానికి బదులు మాన్యాలు, భరణం, డబ్బున్న పెళ్లాన్ని ఇప్పించాడు. ఆ మనిషి పదిహేడేళ్ల తరవాత, ఇద్దరు ప్రభువులూ మట్టిలో కలిశాక కూర్చుని తన జ్ఞాపకాలు రాశాడు. గర్వంతో మదించిన చార్లెస్‌కు దేవుడే బుద్ధి మందగింపజేశాడని అందులో తేల్చాడు. పాత యజమాని పిచ్చివాడు కాకపోతే తాను ద్రోహి అవుతాడు. ఆ లెక్క కొమిన్‌కు తెలియనిది కాదు. అతని గద్యం అమోఘం, చదువుతుంటే పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది. నాలుగు శతాబ్దాలపాటు చదువరులు ఆ గద్యం రుచి మరిగి, కక్షిదారు వాంగ్మూలాన్ని జడ్జిమెంటుగా తీసుకున్నారు. తరవాత వాల్టర్ స్కాట్ 1823లో 'క్వెంటిన్ డర్వర్డ్', 1829లో 'ఆన్ ఆఫ్ గైయర్‌స్టైన్' రాసి పళ్లు కొరికే చార్లెస్‌ను ఇంటింటికీ చేర్చాడు. 1919లో హాయ్‌జింగా తన ప్రసిద్ధ గ్రంథంలో ఆ కాలమంతటినీ శరదృతువుగా చూపించాక, ఆకు రాలడానికి ముహూర్తం కూడా కుదిరిపోయింది.

ఇక ఆ బుద్ధిమంతులైన పెద్దల సంగతి.

మొదటి ఫిలిప్ 1356లో పద్నాలుగేళ్ల వయసులో పువాతియే యుద్ధరంగంలో తండ్రి పక్కన నిలబడి, ఆయనతోపాటే ఇంగ్లీషువాళ్లకు చిక్కాడు. ఆ తండ్రి, ఫ్రాన్స్ రాజు జాన్, ముచ్చటపడి కడగొట్టు కొడుక్కు బర్గండీ డచీ ఇచ్చాడు. 1369లో ఫ్లాండర్స్ వారసురాలు మార్గరెట్‌తో పెళ్లి. కట్నం తెచ్చింది పెళ్లికూతురే కానీ, ఆ సంబంధం కుదర్చడానికి ఎదురిచ్చింది ఫ్రాన్స్. ఫిలిప్ అన్న ఐదో చార్లెస్ అందుకోసం లీల్, దువే పట్టణాలు వదులుకున్నాడు. 1384లో మామ చనిపోగానే ఫ్లాండర్స్, ఆర్త్వా, ఫ్రాంష్ కోంతె చేతికొచ్చాయి. అటుపైన అన్న కొడుకు, మతి తప్పిన ఆరో చార్లెస్ పేరు మీద పాలన నడుపుతూ ఫిలిప్ ఫ్రాన్స్ ఖజానాను తన పెట్టెలోకి వంచుకున్నాడు. అంత రాబడి ఉండీ 1404లో ఆయన పోయినప్పుడు అంత్యక్రియలకు అప్పు చెయ్యాల్సి వచ్చింది. మొగుడి అప్పులు తన మెడకు చుట్టుకోకుండా మార్గరెట్ తన నడికట్టు, డబ్బుసంచి, తాళంచెవులు తీసి శవపేటిక మీద పెట్టింది. ఆయన చరాస్తీ వద్దు, అప్పులూ వద్దు అని లోకానికి చెప్పే ఆనాటి ఆచారమది. పొదుపరి ముత్తాత అంటే ఈయనే.

ఆయన కొడుకు జాన్‌కు 'నిర్భయుడు' అని పేరు. ఫ్రాన్స్ ఖజానా గొట్టం దాయాది ఓర్లియాఁ డ్యూక్ లూయీ చేతిలోకి వెళ్లి తన వాటా ఎండిపోతుంటే ఈ నిర్భయుడు ఏంచేశాడు? 1407 నవంబరు 23 రాత్రి పారిస్ వీధిలో మనుషుల్ని పెట్టి ఆ లూయీని నరికించాడు. తరవాత తనే చేయించానని ఒప్పుకుని, నియంతను చంపడం ధర్మమేనని వాదించడానికి జాన్ పెతీ అనే పండితుణ్ణి కుదుర్చుకున్నాడు. ఆ ఒక్క హత్య ఫ్రాన్స్‌ను అంతర్యుద్ధంలోకి నెట్టింది. ఇంగ్లండ్ రాజు ఐదో హెన్రీకి తలుపు బార్లా తెరిచింది. 1419లో మోంత్రో వంతెన మీద మాటలకని పిలిచి యువరాజు మనుషులు జాన్ తల పగలగొట్టారు. వంశంలో దుడుకువాడు ఎవరో వెతికే ఓపిక ఉంటే, ఈ మనిషి దగ్గర ఒక పూట ఆగవచ్చు.

మూడోవాడు 'మంచి' ఫిలిప్. నలభై ఎనిమిదేళ్లు ఏలాడు. వాన్ ఐక్ చేత బొమ్మలు వేయించాడు, స్వర్ణోర్ణ వీరసంఘం పెట్టాడు, విందుల మీద విందులు చేశాడు. ఆయన మంచితనం ఆయన ఊళ్లనే అడగాలి. మేనత్త కూతురైన జాక్లీన్ నుంచి హేనో, హాలండ్, జీలండ్ సీమలను యుద్ధం చేసి లాక్కున్నాడు. ఆమె చేతే 1433లో వదులుకుంటున్నట్టు రాయించుకున్నాడు. 1443లో ఒక నవంబరు రాత్రి ఆయన మనుషులు నిచ్చెనలు వేసుకుని గోడలెక్కి లక్సెంబర్గ్ పట్టుకున్నారు. 1437లో బ్రూజ్ నగరం తిరగబడితే ప్రాణాలతో బయటపడడమే గగనమైంది. ఉప్పు పన్ను మీద మొదలైన తగువు ముదిరి, 1453లో గావర్ దగ్గర గెంట్ నగరపు సేనను ఊచకోత కోసి, ఆ నగరం హక్కులు కత్తిరించాడు. 1466లో దినాన్ పట్టణాన్ని తగలబెడుతుంటే ముసలి డ్యూకును చూడడానికని డోలీలో మోసుకొచ్చారు. రాజు కావాలన్న పిచ్చి చార్లెస్‌తో పుట్టిందనేవాళ్లు ఒక సంగతి దాటేస్తారు: 1447లోనే ఈ మంచి ఫిలిప్ తనకొక కిరీటం ఇవ్వమని, ముందుముందు చక్రవర్తి కాబోయే మూడో ఫ్రెడరిక్‌తో బేరాలు నడిపాడు. కుదరలేదు.

అంతకన్నా ముఖ్యమైనది సోమ్ నదీతీర పట్టణాల కథ. 1435 ఆరాస్ సంధిలో అవి ఫిలిప్ చేతికి వచ్చాయి. కానీ తాకట్టు పద్ధతి మీద: నాలుగు లక్షల బంగారు ఎక్యూలు కడితే ఫ్రాన్స్ విడిపించుకోవచ్చు. పారిస్‌కూ ఫ్లాండర్స్‌కూ మధ్య కోటగోడ ఆ పట్టణాలే. 1463లో లూయీ డబ్బు కట్టాడు, ముసలాయన పుచ్చుకున్నాడు, గోడ పోయింది. అది తిరిగి తెచ్చిందెవరు? కొడుకే. 1465లో మోంలేరీ యుద్ధంలో లూయీకి ఎదురు నిలిచి, కోన్‌ఫ్లాన్ సంధిలో మళ్లీ రాబట్టాడు. తండ్రి అమ్ముకున్నదాన్ని తెచ్చినవాడు దుడుకువాడు, అమ్ముకున్నవాడు మంచివాడు!

1467 జూన్‌లో కొత్త డ్యూకుగా చార్లెస్ గెంట్‌లో అడుగుపెట్టిన రోజునే వీధులు అతని మీద లేచాయి. గావర్ తరవాత మోపిన పన్నులు ఎత్తెయ్యమన్నారు. పక్కన పదేళ్ల కూతురు, పెట్టెల్లో తండ్రి కూడబెట్టిన సొమ్ము. ఆ రోజుకు తలవంచి అడిగినవన్నీ ఒప్పుకున్నాడు. రెండేళ్ల తరవాత బ్రస్సెల్స్‌లో ఆ ఊరి పెద్దల చేత మోకాళ్ల మీద క్షమాపణ చెప్పించుకున్నాడు. ఈ రెండో ఘట్టాన్నే చరిత్రలు బొమ్మ కట్టి చూపిస్తాయి. మొదటి దానికి కారణమైన అప్పు తండ్రిదని చెప్పవు. తిలాపాపం తలా పిడికెడు అంటాం కదా, ఈ వంశం పాపంలో చార్లెస్ పిడికిలి మరీ పెద్దదేమీ కాదు.

మనిషి స్వభావం పక్కన పెట్టి ఒకసారి పటం చూడాలి. బర్గండీ ప్రభువుల భూములు రెండు ముక్కలు. దక్షిణాన డచీ, దాని పక్కన ఫ్రాంష్ కోంతె. ఉత్తరాన ఫ్లాండర్స్, బ్రబాంట్, హాలండ్ వగైరా. ఆస్థాన కాగితాల్లోనే వాటిని 'ఇవతలి సీమలు', 'అవతలి సీమలు' అని రాసేవాళ్లు. నడుమ లోరేన్, ఆల్సాస్, షాంపేన్, అన్నీ పరాయివి. బ్రస్సెల్స్ నుంచి దిజోన్‌కు జీతం డబ్బు పంపాలన్నా ఎవడో ఒకడి పొలం గట్టు మీదుగా పోవలసిందే. దీనికి తోడు ఇంకో పీటముడి: డచీ, ఫ్లాండర్స్, ఆర్త్వా ఫ్రాన్స్ రాజుకు లోబడ్డ జాగీర్లు, బ్రబాంట్, హాలండ్, ఫ్రాంష్ కోంతె చక్రవర్తికి లోబడ్డవి. దిజోన్‌లో గానీ గెంట్‌లో గానీ తీర్పు నచ్చనివాడు ఫ్రాన్స్ రాజు న్యాయస్థానమైన పారిస్ పార్లమాకు అప్పీలు చేసుకోవచ్చు. అంటే డ్యూకు ఇంట్లో తగువుకు డ్యూకు శత్రువే పెద్దమనిషి.

ఇంత సొమ్మున్న ఇంటికి గోడలూ లేవు, కప్పూ లేదు. ముగ్గురు పెద్దలూ అలాగే నెట్టుకొచ్చారు. వాళ్లకు కలిసొచ్చింది ఒక్కటే: ఫ్రాన్స్ నూరేళ్ల యుద్ధంలో మునిగి ఉండడం. ఆ యుద్ధం 1453లో ముగిసింది. చార్లెస్ వాటాకు వచ్చింది తీరిక దొరికిన ఫ్రాన్స్, దాని గద్దె మీద పదకొండో లూయీ. వంశం కాలజ్ఞానం రాసేవాళ్లు ఎంచుకోవలసిన తేదీ నాన్సీ కాదు, 1453.

చార్లెస్ చేసినవాటిని ఈ పటం పక్కన పెట్టి చూస్తే పిచ్చితనం చాలావరకు కరిగిపోతుంది. 1473 డిసెంబరులో మేహెలన్‌లో సొంత సర్వోన్నత న్యాయస్థానం పెట్టాడు. పారిస్ అప్పీళ్లకు అడ్డుకట్ట అది. అదే ఏడు హెల్డర్లాండ్ కలుపుకున్నాడు. అదే ఏడు లోరేన్ మీదుగా దారి హక్కు రాయించుకున్నాడు. 1475 నవంబరులో నాన్సీ పట్టుకునేసరికి ఇవతలి సీమలూ అవతలి సీమలూ వంశం చరిత్రలో మొదటిసారి కలిశాయి. కిరీటం కోసం ట్రియర్‌లో చక్రవర్తితో మంతనాలు ఆడింది కూడా ఫ్రాన్స్ అధికారం కిందనుంచి బయటపడడానికే. చక్రవర్తి చెప్పాపెట్టకుండా తెల్లవారుజామున పడవెక్కి మోజెల్ నది మీద జారుకున్నాడు. జనం నవ్వింది చార్లెస్‌ను చూసి! రాత్రికి రాత్రి పారిపోయిన చక్రవర్తిని కదా చూసి నవ్వాలి.

ఇంకో సంగతి. 1468 అక్టోబరులో లూయీ మాటలకని పెరోన్ కోటకు వచ్చి ఉండగా, అతని దూతలే లియేజ్ ప్రజలను రెచ్చగొట్టారని వార్త అందింది. రాజు చార్లెస్ గుప్పిట్లో ఉన్నాడు. మోంత్రో వంతెన మీద తాతను చంపిన వంశం వాడు. మూడు రోజులు చార్లెస్ నిద్ర లేకుండా మండిపడ్డాడు. ఆపైన సంధి మీద సంతకం పెట్టించుకుని, లియేజ్ దాకా వెంటబెట్టుకుపోయి, క్షేమంగా వదిలేశాడు. లియేజ్‌ను తగలబెట్టాడు, అది ఘోరం. కానీ కళ్లు కనపడని కోపిష్టి చేతిలోంచి లూయీ ప్రాణాలతో ఎలా బయటపడ్డాడో ఆ బిరుదు పెట్టినవాళ్లు చెప్పాలి.

స్విస్ యుద్ధం గురించి చెప్పే కథ ఇంకా అన్యాయం. కొండల్లో మేకలు కాచుకునే అమాయకుల మీదికి బంగారు గుడారాలతో దండెత్తిన అహంకారి అంటారు. తేదీలు వేరే మాట చెబుతాయి. టిరోల్ ప్రభువు సిగిస్మండ్ 1469లో ఎగువ ఆల్సాస్‌ను 50,000 ఫ్లోరిన్లకు చార్లెస్ దగ్గర తాకట్టు పెట్టాడు. 1474లో లూయీ మధ్యవర్తిత్వంతో సిగిస్మండ్, స్విస్‌లు, రైను పట్టణాలు ఏకమయ్యారు. చార్లెస్ అధికారి హాగెన్‌బాఖ్‌ను మే నెలలో బ్రైజాఖ్‌లో తల నరికారు. వాడు దుర్మార్గుడే, వాణ్ణి వెనకేసుకు రావడం లేదు. అక్టోబరులో యుద్ధం ప్రకటించింది స్విస్‌లు. నవంబరులో ఎరికూర్ దగ్గర ముందు దెబ్బ కొట్టిందీ వాళ్లే. లూయీ ఏటేటా వాళ్లకు డబ్బు పంపాడు. 1475లో చార్లెస్ మిత్రరాజ్యమైన సవోయ్ భూమి, వో సీమను బెర్న్ నగరం ఆక్రమించింది. గ్రాంసోన్ కోట కూడా అప్పుడు పోయినదే. 1476లో చార్లెస్ అక్కడికి వెళ్లింది దాన్ని తిరిగి పట్టుకోవడానికి. బెర్న్ అప్పటికే భూమి ఆకలి ఉన్న నగర రాజ్యం, మేకల మంద కాదు.

తప్పులు లేవనను. గ్రాంసోన్‌లో లొంగిపోయిన నాలుగు వందల మందికి పైగా సైనికులను ఉరితీయించీ సరస్సులో ముంచీ చంపడం నేరం, పైగా తెలివితక్కువ నేరం: రెండు రోజుల తరవాత వచ్చిన స్విస్‌లు ఆ శవాలను చూశారు. నోయిస్ పట్టణం ముందు 1474 జులై నుంచి దాదాపు పదకొండు నెలలు కూర్చోవడం నేనూ సమర్థించలేను. ఆ మొండిపట్టు వల్లే బావమరిది నాలుగో ఎడ్వర్డ్ ఇంగ్లీషు సేనతో కలే దగ్గర దిగినప్పుడు చార్లెస్ పిడికెడు మందితో ఎదురెళ్లాడు. ఎడ్వర్డ్ చూసి చూసి, పికిన్యీలో లూయీ దగ్గర 75,000 ఎక్యూలు రొక్కమూ ఏటా 50,000 భరణమూ పుచ్చుకుని ఇంటికి పోయాడు. స్విస్‌ల చేతిలో మోరా దగ్గర ఓడిన తరవాత, అరకొర సేనతో, నడిశీతాకాలంలో, చేజారిన నాన్సీని మళ్లీ ముట్టడించడం కూడా అంతే. మోరా తరవాత అతను మునుపటి మనిషి కాడు. ఇవన్నీ ఒక సేనాని తప్పులు. వీటితో యుద్ధాలు ఓడిపోతారు. వంశం పోయిందా అన్నది వేరే ప్రశ్న.

పోలేదు. ఏనుగు చచ్చినా వెయ్యే అన్నట్టు, 1477లో ఆ ఇంటి బరువు చూడండి.

చార్లెస్ మరణవార్త అందగానే లూయీ డచీలోకి, పికార్దీలోకి సేనలు తోలాడు. మగసంతు లేదు కాబట్టి డచీ రాజుకు తిరిగి వస్తుందన్నాడు. చరిత్ర పుస్తకాలు ఈ మాటను చట్టం చెప్పినట్టు చెబుతాయి. నిజానికి మొదటి ఫిలిప్ సంతతిలో మగవాడు అప్పటికి బతికే ఉన్నాడు: నెవేర్ కౌంట్ జాన్. 1491 దాకా బతికాడు, పైగా లూయీ పక్షం వాడే. అతణ్ణి పిలిచి డచీ ఇవ్వాలన్న ఆలోచన లూయీకి రాలేదు. వచ్చింది చట్టం వేషంలో సైన్యం.

మరి ఉత్తరాన? కత్తితో కట్టిన ఇల్లయితే ప్రభువు పోగానే ఏ సీమకా సీమ విడిపోవాలి. సీమల ప్రతినిధులు ఫిబ్రవరిలో గెంట్‌లో సమావేశమయ్యారు. చార్లెస్ కూతురు, ఇరవయ్యేళ్లు నిండుతున్న మరీని తమ ప్రభువుగా ఒప్పుకున్నారు. అడిగినవి అడిగారు: తమ సమ్మతి లేనిదే యుద్ధం వద్దు, పన్ను వద్దు, ఉద్యోగాలు స్థానికులకే, కాగితాలు స్థానిక భాషలో, తమంతట తాము సమావేశమయ్యే హక్కు. ఫిబ్రవరి 11న మరీ ఇచ్చిన ఆ 'మహా హక్కుపత్రం' చార్లెస్ కేంద్రపాలన మీద చెంపదెబ్బే. మేహెలన్ న్యాయస్థానం ఎత్తేశారు. ఏప్రిల్ 3న ఆమె బతిమాలుతున్నా వినకుండా తండ్రి మంత్రులు యుగోనే, హుంబర్‌కూర్‌లను గెంట్‌లో తల నరికారు. ఇంత కోపంలోనూ ఒక్క మాట వాళ్ల నోట రాలేదు: విడిపోతాం అని. ఇంట్లో తగువు పడ్డారు, ఇల్లు వదల్లేదు. కలిసి కూర్చునే ఆ సభ మొదట సమావేశమైంది 1464లో, ఆ వంశం నీడలోనే. మేహెలన్ న్యాయస్థానం సంగతి అంటారా, 1504 నాటికి అది మహామండలిగా మళ్లీ అక్కడే కొలువుతీరింది. దుడుకువాడి కట్టడం తరవాతివాళ్లకు అవసరమే అయింది.

లూయీ తన ఆరేళ్ల కొడుక్కి మరీని చేసుకోవాలని చూశాడు. ఆమె చక్రవర్తి కొడుకు మాక్సిమిలియన్‌ను చేసుకుంది. ఆ సంబంధం ఎవరు కుదిర్చారు? ట్రియర్‌లో మొదలుపెట్టి, గ్రాంసోన్, మోరా ఓటముల ఏడాదిలో, 1476లో, చార్లెసే ఖాయం చేశాడు. యుద్ధంలో అన్నీ ఓడిపోతున్న ఆ ఏడాది ఈ ఒక్క పని చక్కబెట్టి పోయాడు. అల్లుడు 1479లో గీనెగాట్ దగ్గర ఫ్లెమిష్ పదాతులతో ఫ్రెంచి సేనను ఓడించాడు. 1482లో మరీ గుర్రం మీంచి పడి చనిపోయాక, ఆరాస్‌లో ఆమె రెండేళ్ల కూతురు మార్గరెట్‌ను ఫ్రెంచి యువరాజుకు ఇస్తామని, ఆర్త్వా, ఫ్రాంష్ కోంతెలను కట్నంగా రాసిచ్చారు. ఆ వరుడు 1491లో బ్రిటనీ వారసురాలిని చేసుకుని ఈ పిల్లను వదిలేశాడు. పెళ్లికూతుర్ని తిప్పిపంపితే కట్నం ఉంచుకోవడం కుదరదు. 1493 సాన్లిస్ సంధితో ఆర్త్వా, ఫ్రాంష్ కోంతె వెనక్కి వచ్చాయి. పోయింది డచీ, సోమ్ పట్టణాలు. హెల్డర్లాండ్ చెయ్యి జారినా 1543లో మళ్లీ దొరికింది. వంద ఏళ్లు కూడబెట్టినదంతా ఊడ్చుకుపోయిందన్న కథకు పదహారేళ్ల తరవాతి జమాఖర్చు ఇదీ.

తండ్రి నుంచి కొడుక్కు దిగే పేరు ఒకటే వంశమనుకుంటే, నాన్సీతో ముగిసిందనే చెప్పుకోవచ్చు. కానీ ఫ్లాండర్స్ ఈ ఇంటికి వచ్చిందే ఒక కూతురి వెంట. కూతురు తెచ్చిన ఆస్తితో లేచిన ఇల్లు కూతురితో కూలిపోయిందనడం ఏ న్యాయం? మగసంతు లేకపోవడం చార్లెస్ దుడుకుతనం ఖాతాలో పడదు. అతని తండ్రికి మూడు పెళ్లిళ్లకు దక్కిన కొడుకు ఒక్కడే. చార్లెస్‌కు మూడు పెళ్లిళ్లకు దక్కింది ఒక్క కూతురు. అప్పటి ఐరోపాలో ఏ రాజకుటుంబానికైనా అది నాణెం ఎగరేసినట్టే.

ఆ ఇంటివాళ్లు చార్లెస్‌ను ఏమనుకున్నారో తెలుసుకోవాలంటే 1500 మార్చిలో గెంట్‌లో జరిగిన బాప్తిస్మం చూడాలి. పుట్టినవాడు మరీ కొడుకు బిడ్డ. ముందుముందు స్పెయిన్‌కు రాజై, చక్రవర్తై, 1526లో ఓడిన ఫ్రాన్స్ రాజును బర్గండీ డచీ తిరిగిమ్మని అడగబోయేవాడు. జ్ఞానమాతల్లో ఒకరు చార్లెస్ మూడో భార్య, నాన్సీ తరవాత ఇరవై మూడేళ్లుగా విధవరాలిగా ఉన్న మార్గరెట్ ఆఫ్ యార్క్. పసివాడికి ఫిలిప్ అని పెట్టవచ్చు, తండ్రి పేరే అది. తాత మాక్సిమిలియన్ పేరూ పెట్టవచ్చు. చార్లెస్ అని పెట్టారు.